అమ్మ, తల్లి, మమ్మీ, మామా: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎమ్మే తెలుగు చదివి, చివరికి రాజోలు దగ్గర ఆన్‌లైన్ అప్లికేషన్లు నింపే షాపు పెట్టుకున్నవాణ్ణి. పాస్‌పోర్టు ఫారంలో తల్లి పేరు గడి దగ్గరికి రాగానే మా షాపులో కబుర్లు మొదలవుతాయి. "చివర అమ్మ కలపాలాండీ?" అని ఒకరు. "కువైట్లో ఇంటావిణ్ణి మామా అనాలంట, అదేం పిలుపండీ?" అని ఇంకొకరు. పక్కన కూర్చున్న పెద్దాయన మమ్మీ అనే మాట మీద విరుచుకుపడతాడు. ఏళ్ల తరబడి అవే సందేహాలు. చెప్పిందే చెప్పి విసుగొచ్చి ఇలా రాసిపెట్టాను. బిడ్డ పుట్టిన దగ్గర్నుంచి ఊరు దాటేదాకా వరసలో పెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

## బిడ్డ నోట్లో

మా పాప ఆరో నెలలోనే "అమ్మ" అంది. నన్నే పిలిచినట్టా?

ఇంకా కాదండీ. ఉంగా ఉంగా అనడం అయ్యాక, ఆరేడు నెలలకి పిల్లలు పెదవులు కలిపి విడదీస్తూ మమమ, బబబ అని ఒకే ముక్కని తిప్పితిప్పి అంటారు. అది నోటితో ఆట. మిమ్మల్ని చూసినప్పుడే, మిమ్మల్ని ఉద్దేశించే ఆ మాట అనడం దాదాపు ఏడాది నిండే వేళకి వస్తుంది. అలాగని మీరు మురిసిపోవడం మానక్కర్లేదు. "మమమ" అన్నప్పుడల్లా ఒక మనిషి పరిగెత్తుకొచ్చి ఎత్తుకుంటోంది కాబట్టే ఆ శబ్దం ఆ మనిషి పేరవుతుంది.

ఏ దేశం చూసినా అమ్మకి "మ" శబ్దమే ఎందుకు?

ఏ దేశం చూసినా కాదు గానీ, చాలాచోట్ల. జార్జ్ మర్డాక్ అనే అమెరికా మానవశాస్త్రవేత్త ప్రపంచ భాషల్లోంచి తల్లిదండ్రులకు వాడే 1072 మాటలు పోగుచేశాడు. రోమన్ యాకబ్సన్ అనే భాషాశాస్త్రవేత్త వాటిని ముందు పెట్టుకుని 1959లో కారణం వెతికాడు. తల్లిని చెప్పే మాటల్లో నూటికి 55 మ, న లాంటి ముక్కు శబ్దాలతో ఉన్నాయి. తండ్రిని చెప్పేవాటిలో అవి నూటికి 15 మాత్రమే.

ఆయన చెప్పిన కారణం బాలింత ఉన్న ఏ ఇంట్లోనైనా కనిపిస్తుంది. రొమ్ము నోట్లో ఉన్న బిడ్డకి పెదవులు మూసుకుపోయి ఉంటాయి. శబ్దం చెయ్యాలంటే గాలి ముక్కులోంచే రావాలి. అలా వచ్చేది "మ్మ్". తర్వాత పాలు కనబడినా, ఆకలేసినా, చిరాకేసినా అదే మూలుగు. పాలిచ్చేది ఎవరో ఆ మూలుగు వాళ్ల పేరైంది. మన పిల్లల భాషలోనే రుజువుంది చూడండి. అన్నం కలిపిన గిన్నె పట్టుకుని చందమామని చూపిస్తూ "మమ్ము తిందువు రా" అంటాం. ఆ మమ్ము, ఈ అమ్మ ఒకే నోట పుట్టినవి. లాటిన్‌లో "మమ్మా" అంటే రొమ్ము. 1758లో లిన్నేయస్ పాలిచ్చే జంతువులకి పేరు పెట్టింది దాని మీదే. బయాలజీ పుస్తకంలో ఉండే "మమ్మల్స్" అదే.

మరి "నాన్న"లో కూడా ముక్కు శబ్దమే కదా?

అవును, ఆ 15లో మనం ఉన్నాం. పక్కింటి కన్నడం, తమిళం "అప్ప" అంటుంటే మనం నాన్న అంటున్నాం. ఫిలిప్పీన్స్‌లో "నానాయ్" అంటే అమ్మ, హిందీలో "నానా" అంటే అమ్మ తండ్రి. శబ్దం పిల్లలది. దాన్ని ఎవరికి కట్టబెట్టాలో పెద్దవాళ్లు తేలుస్తారు.

"మామా" అంటే నాన్న అనే భాష కూడా ఉందట, నిజమేనా?

నిజమే. జార్జియా దేశపు భాషలో "మామా" అంటే తండ్రి, "దేదా" అంటే తల్లి. ఆస్ట్రేలియా ఆదివాసుల భాష పిట్జన్‌జారాలోనూ "మామా" తండ్రే. అంతదూరం ఎందుకు, మంగళూరు వైపు తుళులో "అప్పె" అంటే తల్లి, "అమ్మె" అంటే తండ్రి! తెలుగుకి బంధువైన భాషే, మాటలు మాత్రం అటుదిటు.

మమ్మీ అంటే ఈజిప్టు శవం కదా? పిల్లలచేత అలా పిలిపించుకోవడం అరిష్టం కాదా?

వాట్సాప్‌లో ఏటా తిరిగే మెసేజ్ ఇది. రెండూ వేరు మాటలు, ఇంగ్లీషులో ఒకేలా కలిసిపోయాయంతే. శవాన్ని చెప్పే మమ్మీ అరబ్బీ "మూమియా" నుంచి వచ్చింది. దాని మూలం పారశీకంలో మైనాన్ని చెప్పే "మూమ్". శవాలకు పూసిన నల్లటి జిగురు పదార్థం పేరే మూమియా. అమ్మని పిలిచే మమ్మీ అచ్చంగా చంటిపిల్లల "మమ" లోంచి వచ్చింది. మీకు అమ్మ అనే పిలుపే ఇష్టమైతే అలాగే పిలిపించుకోండి, నాకూ అదే ఇష్టం. దానికి శవాన్ని సాక్ష్యం తేనక్కర్లేదు.

## ఇంట్లో, వీధిలో

మా నాన్నగారు వాళ్లమ్మని "అక్కా" అని పిలిచేవారు. ఇదేం వరస?

ఉమ్మడి కుటుంబాల వరస. ఇంట్లో చిన్నాన్నలు, మేనత్తలు ఆవిణ్ణి రోజంతా "వదినా" అంటుంటే బిడ్డ కూడా వదినా అంటాడు. పుట్టింట్లో పెరిగితే పిన్నులూ మేనమామలూ పిలిచినట్టు "అక్కా" అంటాడు. ఎవరూ దిద్దరు, అలా స్థిరపడిపోతుంది. మా ఇంటి ఎదురుగా ఒక పెద్దాయన డెబ్బై ఏళ్లు దాటాక కూడా గుమ్మంలో చెప్పులు విడుస్తూ "వదినా, మంచినీళ్లు" అని కేకేసేవాడు. లోపల్నుంచి చెంబుతో వచ్చేది ఆయన కన్నతల్లి.

ఒక్కడే కొడుకైనా "మా అమ్మ" అంటాడేంటి? "నా అమ్మ" అనడేం?

తెలుగులో తల్లి మీద ఒంటరి హక్కు ఉండదు. మా అమ్మ, మా ఊరు, మా ఆవిడ: ఇంటికి చెందినవన్నీ "మా"లోకే పోతాయి. "నా అమ్మ" అంటే సినిమా డైలాగులా వినిపిస్తుంది. ఇంకో మెలిక ఉంది. వినేవాళ్లకి ఆవిడ అమ్మ కాకపోతే "మా", అన్నదమ్ములు తమలో తాము మాట్లాడుకుంటే "మన". ఆస్తి పంపకాల రోజున "మీ అమ్మ" అన్న అన్నగారిని చూశాను. ఆ ఒక్క మాటకి గది నిశ్శబ్దమైపోయింది.

అమ్మ, తల్లి ఒకటే కదా? రెండు మాటలు ఎందుకు?

పిలవడానికి అమ్మ, చెప్పడానికి తల్లి. ఫారంలో "తల్లి పేరు" అనే ఉంటుంది. "అమ్మ పేరు" అని ఉంటే నవ్వొస్తుంది. పిల్లల తల్లి, తల్లిపాలు, తల్లికోడి, తల్లివేరు అంటాం. అమ్మవేరు అనం.

మా లంకల్లో అరటితోటకి రండి, ఈ తేడా కంటికే కనిపిస్తుంది. గెల వేసిన చెట్టుని తల్లిచెట్టు అంటారు. దాని మొదట్లో చుట్టూ మొలిచేవి పిలకలు. రైతు కత్తి పట్టుకుని వంగి, ఏ పిలకని ఉంచాలో, ఏది కోసెయ్యాలో చూస్తాడు. గెల దించాక తల్లిచెట్టుని నరికేస్తారు, ఉంచిన పిలక దాని స్థానంలో లేస్తుంది. ఇక్కడ "తల్లి" అంటే ప్రేమ కాదు, దేనిలోంచి ఏది వచ్చిందన్న లెక్క. కూతుర్ని "తల్లీ" అని పిలిచినప్పుడు మాత్రం లెక్కలన్నీ పక్కకి పోతాయి.

కూతుర్ని "అమ్మా" అని, కొడుకుని "నాన్నా" అని పిలుస్తాం. బయటివాళ్లు నవ్వరా?

అరబ్బులైతే నవ్వరు. వాళ్ల ఇళ్లల్లో తల్లి తన బిడ్డనే "మామా" అంటుంది, తండ్రి బిడ్డని "బాబా" అంటాడు. ఎవరు ఏ పేరుతో పిలిపించుకుంటారో అదే పేరు తిప్పి బిడ్డకి ముద్దుగా ఇచ్చేస్తారు. మనది కూడా దాదాపు అదే పద్ధతి.

పిన్ని, పెద్దమ్మ కూడా అమ్మలేనా?

వరస ప్రకారం అమ్మలే. అందుకే పెద్దమ్మ, దొడ్డమ్మ, చిన్నమ్మ అనే మాటల్లో అమ్మ ఉంటుంది, వాళ్ల పిల్లలు మనకి అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ అవుతారు. మేనత్త పిల్లలైతే బావా మరదళ్లు. హవాయి దీవుల్లో ఇంకా విశాలం: "మకువహీనె" అనే ఒక్క మాటే తల్లికీ, పిన్నికీ, మేనత్తకీ. ఇంగ్లీషువాడు మాత్రం ఈ వరసలన్నీ ఆంటీలో కలిపేశాడు. వీసా ఇంటర్వ్యూలో పిన్నిని "మదర్" అని చెప్పకండి, అక్కడ వరసలు చెల్లవు.

పొక్కులొస్తే "అమ్మవారు పోసింది" అంటాం, ఎందుకు?

మశూచి రోజుల్లో దాన్ని దేవత రాకగా భావించేవారు, పేరుపెట్టి తిట్టడానికి భయం. మశూచి లోకంలోనే లేదని 1980లో ప్రకటించారు. మాట మాత్రం ఆటలమ్మకి మిగిలింది. వేపాకు మంచం మీద పరుచుకోండి, డాక్టరుకి కూడా చూపించండి.

## బడిలో

"మాతృ", "మదర్" ఒకేలా ఉన్నాయి. ఇది కూడా చంటిపిల్లల శబ్దమేనా?

మొదటి ముక్క అయ్యుండొచ్చు. పోలిక మాత్రం చుట్టరికం వల్లే. సంస్కృతం "మాతృ", లాటిన్ "మాటెర్", పారశీకం "మాదర్", రష్యన్ "మాత్" అన్నీ ఒకే మూలభాష పిల్లలు. 1786లో కలకత్తాలో విలియం జోన్స్ ఈ భాషల చుట్టరికాన్ని నలుగురి ముందు పెట్టాడు. రుజువు ఒక్క మాటలో లేదు. పితృ–ఫాదర్, భ్రాతృ–బ్రదర్, దుహితృ–డాటర్ అని వరసగా, ఒకే పద్ధతిలో కలుస్తూ పోవాలి. అల్బేనియా భాషలో ఇదే మాట "మోటర్"గా మారి అక్కచెల్లెళ్లని చెబుతుంది. ఇంట్లో తల్లి తర్వాత పెత్తనం పెద్దక్కదే కదా, నాకేమీ వింతగా లేదు.

కొరియన్ సీరియల్‌లో "ఒమ్మా", "అప్పా" అంటున్నారు. కొరియన్ మన భాషల్లోంచే వెళ్లిందా?

ఇంటర్ పిల్లలు రోజూ అడిగే ప్రశ్న. లేదు. పెదవులతో తేలిగ్గా పలికే శబ్దాలు నాలుగైదే, వాటిని వాడుకునే భాషలు వేలు. ఎక్కడో కలవక తప్పదు. స్పెయిన్ ఉత్తరాన బాస్క్ భాషలో తల్లి "అమ", టిబెట్లో "అమా". వాళ్లకీ మనకీ చుట్టరికం కలపలేం. చుట్టరికం తేలాలంటే ఒకటి, రెండు, కన్ను, నీళ్లు లాంటి మాటలు పట్టుకోవాలి. తెలుగు మూడు, తమిళం మూన్ఱు, కన్నడం మూరు: అదీ చుట్టరికమంటే. అమ్మ పిలుపు సాక్షిగా పనికిరాదు, అది అందరి తరఫునా చెబుతుంది.

"అంబ" నుంచి "అమ్మ" వచ్చిందా, "అమ్మ" నుంచి "అంబ"నా?

ఋగ్వేదంలోనే సరస్వతిని "అంబితమే" అని, అంటే అమ్మల్లోకెల్లా అమ్మవని పిలిచారు. ద్రావిడ భాషల్లో అమ్మ ఇంటింటి మాట. రెండిళ్ల పిల్లలూ సొంతంగా పలకగల శబ్దానికి అప్పు పత్రం వెతకడం నాకు అనవసరం అనిపిస్తుంది. దాక్షారామంలో మాణిక్యాంబ, భీమవరంలో మావుళ్ళమ్మ. దండం పెట్టేవాళ్లు ఈ తేడా చూడరు.

మాతృభాష అనే ఎందుకు? పితృభాష అనొచ్చుగా?

పోలండ్‌లో దాదాపు అలాగే అంటారు. వాళ్ల మాటలో "తండ్రి" ఉంటాడు. జర్మన్లు మనలాగే తల్లి భాష అంటారు. రష్యన్లు తల్లినీ తండ్రినీ వదిలేసి "మనవాళ్ల భాష" అన్నట్టు చెబుతారు.

గౌతమీపుత్ర, వాసిష్ఠీపుత్ర అంటే మన గౌతమి, వశిష్ఠ పాయల కొడుకులనా?

పోలిక బావుంది గానీ, కాదు. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వశిష్ఠ అని చీలుతుంది. ఆ పేర్లు ఋషులవి. శాతవాహన రాజులు తల్లి గోత్రాన్ని పేరు ముందు పెట్టుకున్నారు. గౌతమ గోత్రపు తల్లి కొడుకు గౌతమీపుత్ర శాతకర్ణి, వసిష్ఠ గోత్రపు తల్లి కొడుకు వాసిష్ఠీపుత్ర పులుమావి. ఇద్దరికీ ఋషులే మూలం గనక పేర్లు కలిశాయి. గౌతమీపుత్రుడి తల్లి గౌతమీ బాలశ్రీ, కొడుకు గొప్పలన్నీ చెబుతూ మనవడి 19వ పాలన ఏట నాసిక్ గుహలో శాసనం వేయించింది. నాసిక్ కూడా గోదావరి ఒడ్డే, పుట్టిన చోటికి దగ్గర.

## కాగితాల మీద

మా అమ్మ పేరు సత్యవతా, సత్యవతమ్మా? ఏది రాయాలి?

ఊళ్లో ఏమంటారో కాదు, ఆవిడ ఆధార్‌లో, మీ పుట్టిన సర్టిఫికెట్‌లో, టెన్త్ సర్టిఫికెట్‌లో ఏముందో చూడండి. మన వైపు పెళ్లయి పిల్లలు పుట్టేసరికి ఆడవాళ్ల పేరు చివర "అమ్మ" దానంతటదే అతుక్కుంటుంది. అది గౌరవం. కంప్యూటర్‌కి మాత్రం అది ఇంకో మనిషి. ఒకసారి ఓ కుర్రాడు నోటితో చెప్పినట్టే నేను "అమ్మ" కలిపి కొట్టేశాను. సర్టిఫికెట్‌లో లేదు. పాపం, పని మానుకుని రెండోసారి రావాల్సొచ్చింది. అప్పట్నుంచి కాగితం చూడందే ఆ గడి నింపను. కాగితాల్లోనే తేడా ఉంటే, ముందు ఆధార్ సరిచేయించుకుని తర్వాత పాస్‌పోర్టుకి రండి.

తండ్రి పేరు ఇవ్వడం ఇష్టం లేదు. తల్లి పేరు ఒక్కటే సరిపోతుందా?

పాస్‌పోర్టుకి సరిపోతుంది. 2016 డిసెంబరులో నిబంధన మారింది. తండ్రి, తల్లి, చట్టబద్ధ సంరక్షకుల్లో ఒక్కరి పేరిస్తే చాలు.

"మదర్స్ మెయిడెన్ నేమ్" అంటే ఏం రాయాలి?

అమ్మ పుట్టింటి ఇంటిపేరు. అంటే మీ అమ్మమ్మగారింటి తాతయ్య ఇంటిపేరు. బ్యాంకువాళ్లు రహస్య ప్రశ్నగా అడుగుతారు. మన ఊళ్లో అది ఎవరికి రహస్యమో మరి.

## ఊరు దాటాక

కువైట్లో ఇంటావిణ్ణి "మామా" అనాలట. మామ అంటే మేనమామ కదా?

మనకి మేనమామ, మామగారు. అక్కడ అమ్మ. గల్ఫ్ ఇళ్లల్లో పనిచేసేవాళ్లు యజమానురాలిని మామా, యజమానిని బాబా అనడం వాడుక, మేడమ్ అన్నా నడుస్తుంది. మొదటి వారం నోరు తిరగదని మా ఊరి ఆడవాళ్లే చెబుతారు. ఆ ఇంటి పిల్లలు సొంత తల్లిని "యుమ్మా" అంటే కంగారు పడకండి, అది ముద్దు కాదు, అమ్మా అని పిలుపు. పుస్తకాల అరబ్బీలో తల్లి "ఉమ్మ్". ఎవరైనా "ఉమ్ మహమ్మద్" అంటే మహమ్మద్ వాళ్లమ్మ అని. మన వీధిలో "బుజ్జిగాడి అమ్మ" అన్నట్టే, కాకపోతే అక్కడ అది గౌరవం.

చెరువు మీద పనికొచ్చిన ఒడిశావాళ్లు ఫోన్లో "బౌ" అంటున్నారు. పెళ్లాంతోనా?

ఒడిశా కుర్రాళ్లయితే అమ్మతో. ఒడియాలో "బౌ" అంటే అమ్మ, బెంగాలీలో అదే మాట పెళ్లాం లేదా కోడలు. ఒకే షెడ్డులో ఇద్దరూ ఉంటే వేళాకోళాలకి లోటుండదు.

యానాం పాతవాళ్ల ఫ్రెంచిలో అమ్మని ఏమంటారు?

పిలుపు "మమాఁ", చెప్పేటప్పుడు "మేర్". 1954 దాకా ఫ్రెంచివాళ్ల చేతిలో ఉన్న ఊరు కాబట్టి ఇంకో ముచ్చట: ఫ్రెంచిలో తల్లి, సముద్రం, మేయరు మూడూ నోటికి ఒకేలా పలుకుతాయి.

జపాన్‌లో మా అమ్మ గురించి చెప్పేటప్పుడు ఏ మాట వాడాలి?

బయటివాళ్లతో మీ అమ్మ గురించి చెబితే "హహ". ఎదుటివాళ్ల అమ్మని, లేదా మీ అమ్మని నేరుగా పిలిచేటప్పుడు "ఒకాసాన్". మార్చి వాడితే మీవాళ్లకి మీరే గౌరవం ఇచ్చుకున్నట్టవుతుంది. పాత తమిళంలోనూ ఇలాంటి విడదీత ఉండేది: నా తల్లి "యాయ్", నీ తల్లి "ఞాయ్", వాళ్ల తల్లి "తాయ్". ఆ మూడోదే ఇప్పుడు అందరికీ మిగిలింది.

నేను మస్కట్లో ఉన్నాను. మా రెండేళ్ల పాప అమ్మమ్మని "అమ్మ" అంటోంది, నన్ను పేరు పెట్టి పిలుస్తోంది. దిద్దించాలా?

ఈ ప్రశ్న వాయిస్ మెసేజ్‌లోనే వస్తుంది, ఎవరూ షాపుకొచ్చి అడగరు. పిల్ల తప్పు చెప్పడం లేదు. రోజూ తినిపించే మనిషికి ఆ పిలుపు ఇచ్చింది. ఇంట్లో అందరూ మిమ్మల్ని పేరుతో పిలుస్తున్నారు, తనూ అదే నేర్చుకుంది. అమ్మమ్మ దగ్గర ఆ మాట లాక్కోకండి. ఇంట్లోవాళ్లని మాత్రం ఫోను ఎత్తగానే "అదిగో అమ్మ" అనమనండి, పిల్లలు ఇద్దరమ్మల్ని తేలిగ్గానే మోస్తారు. మా వీధిలో ఒక పాప వాళ్లమ్మకి తనే "ఫోనమ్మ" అని పేరు పెట్టుకుంది. ఆవిడ సెలవుకి వచ్చిన రోజు ఆటో దిగి చేతులు చాపితే, పాప ఆవిడ మొహం చూసింది, ఆవిడ చేతిలో ఫోను చూసింది, మళ్లీ మొహం చూసింది.